జనరేటర్‌కు వేసిన పందిరి

ఖమ్మంలో నేనుండే హాస్టల్ ఒక మేడ మీద ఉంది. కింద జిరాక్స్ షాపు. కరెంటు పోయినప్పుడల్లా ఆ షాపాయన చిన్న పెట్రోలు జనరేటర్‌ను వాకిట్లోకి లాగి, మెట్టు మీద ఒక కాలు పెట్టి తాడు గుంజుతాడు. కొన్ని గుంజుళ్ళ తర్వాత తిట్లు మొదలవుతాయి. మొన్న కూడా అంతే జరిగింది. పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న మా గది అమ్మాయిలు శబ్దం భరించలేక కిటికీ మూసెయ్యమన్నారు. మూద్దామనే లేచాను గానీ, పెట్రోలూ కాలిన ఆయిలూ కలిసిన వాసన పైకి వచ్చేసరికి చెయ్యి కిటికీ రెక్క మీదే ఆగిపోయింది. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఇంజను డుగుడుగుమంటోంది. ఆయన చోక్ తీయడం మరిచిపోయాడు. పైనుంచి ఒక్క మాట చెప్పొచ్చు. కానీ నేను కిటికీలోంచి కొత్తవాళ్ళతో మాట్లాడే మనిషిని కాను. అదే మా మేనత్త అయితే ఈపాటికి మెట్లు దిగిపోయి, ఆయన్ను పక్కకు జరగమని, తానే సరిచేసి ఉండేది.

అత్తవాళ్ళ ఊరు అశ్వారావుపేట దాటాక, పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. మామయ్య తోటల నుంచి గెలలు మిల్లుకు తోలే ట్రాక్టర్ నడుపుతాడు. అత్తది కోడిగుడ్లు పొదిగించే పని. వెనక గదిలో బీరువా అంత పొదిగే పెట్టె ఉండేది. దాని మీద ఇంక్యుబేటర్ అని రాసి ఉన్నా ఊళ్ళో అందరికీ అది పెట్టె మాత్రమే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నాటుకోడి గుడ్లు తెచ్చి ఇచ్చేవారు. ఎవరి గుడ్ల మీద వాళ్ళు బొగ్గుతో గుర్తు వేసుకునేవారు. ఒకరిది గీత, ఒకరిది చుక్క, ఒకరిది చంద్రవంక. పిల్లలు బయటికొచ్చే రోజులకు అత్త ఒక్కో గుర్తుకు ఒక్కో జాలీ అడ్డం పెట్టేది, ఎవరి పిల్లలు వాళ్ళకు చేరాలని. మూడు వారాల పాటు ఎవరి ఆశో మన ఇంట్లో వెచ్చగా పడుకుని ఉంటుందంటే ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా నాకు తెలియకుండానే అడుగుల చప్పుడు తగ్గిపోయేది.

అడవి పక్క ఊళ్ళలో కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు. గట్టిగా గాలి వీస్తే ఎక్కడో ఒక కొమ్మ తీగల మీద వాలుతుంది. అందుకని మామయ్య, దుకాణం ఎత్తేస్తున్న టెంట్‌హౌస్ వాళ్ళ దగ్గర ఒక పాత జనరేటర్ కొనుక్కొచ్చాడు. కొన్నది మామయ్యే అయినా అది మాట వినేది అత్తదే. అమావాస్య వస్తే మామయ్య ట్రాక్టర్ కడిగి, ముందు నిమ్మకాయా మిరపకాయలూ కట్టేవాడు. అదే రోజు అత్త జనరేటర్‌ను బయటికి తెచ్చేది. కరెంటు ఉన్నా సరే, ఆ రోజు దాన్ని కాసేపు నడపాల్సిందే. గాలి వడగట్టే స్పాంజిని సబ్బునీళ్ళతో పిండి ఆరేసేది. ప్లగ్ విప్పి, దాని మొనకు పట్టిన మసిని గరుకు కాగితంతో రుద్దేది. పుల్ల తీసి ఆయిల్ మట్టం చూసేది. పనయ్యాక స్విచ్ ఆపేది కాదు, పెట్రోలు కుళాయి కట్టేసి, లోపల మిగిలిన చుక్కలన్నీ తాగేసి ఇంజను తానే ఆగిపోయేదాకా ఉండేది. లోపల నిలవున్న పెట్రోలు జిగురై గొంతు పూడ్చేస్తుందట. దీనిక్కూడా ఒక నిమ్మకాయ కట్టరాదా అని మామయ్య ప్రతి అమావాస్యకూ అడిగేవాడు. అత్త వినిపించుకునేది కాదు.

డిగ్రీ పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్న ఒక వానాకాలం నేను అక్కడ గడిపాను. అక్షరం కనిపిస్తే చదవకుండా ఉండలేని రోగం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ ఇంట్లో పంచాంగం, ఎరువు సంచుల మీది రాతలు అయిపోయాక జనరేటర్‌తో వచ్చిన చిన్న పుస్తకం దొరికింది. అందులో ఏమీ జరగదు. అయినా బొమ్మలన్నీ చూస్తూ రెండుసార్లు చదివాను. కానీ అత్త దాన్ని స్టార్ట్ చేసే తీరు ఏ బొమ్మలోనూ లేదు. చోక్ పెట్టి, చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, తాడును ముందు మెల్లగా లాగేది. లోపల ఏదో బిగుసుకున్నట్టు తగిలేదాకా లాగి, అక్కడ ఒక క్షణం ఆగేది. అప్పుడు ఒక్క గుంజు. లోపలి నిప్పురవ్వ కంటికి కనబడదు. ఇనుము ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుని లేచేది. ఇంజను గొంతు కుదురుకోగానే చోక్ తీసేది. వెనక గదిలో బల్బు వెలిగేది. ఎన్నిసార్లు చూసినా నా ఒళ్ళు ఝల్లుమనేది.

ఆ ఏడు ఎండాకాలంలో కొక్కెర తెగులు వచ్చి అడవి లోపలి ఊళ్ళలో కోళ్ళు చాలా చచ్చిపోయాయి. వానలు మొదలయ్యాక ఒక కోయగూడెం నుంచి ఒక అవ్వ గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. గంపలో ఊక, ఊకలో గుడ్లు. అన్నిటికీ ఒకటే గుర్తు, నడుం చుట్టూ ఒక బొగ్గు గీత. ఎవరివని అడిగితే గూడెమంతటివీ అంది. తెగులుకు తట్టుకుని మిగిలిన నాలుగు పెట్టలూ గుడ్లు పెడుతున్నాయి గానీ పొదుగుకు కూర్చోవడం లేదట. వాటి వెనకటి కోళ్ళు తమ తాతల నాటి నుంచీ ఆ గూడెంలోనే ఉన్నాయట.

“గివే మిగిలినయ్ బిడ్డా,” అంది, గంప దించి.

తర్వాత పెట్టె అద్దంలోంచి లోపలికి చాలాసేపు చూసింది. తల్లి లేకుండా ఎట్లా అని అడిగింది. కరెంటే తల్లి అంది అత్త. మరి కరెంటు పోతే? అత్త మూలన గోనెపట్టా కప్పుకుని ఉన్న జనరేటర్‌ను చూపించింది.

“అది సవతితల్లి అవ్వా.”

“సవతితల్లా? అన్నం సరిగ పెడ్తదా మరి?” అని అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే వెళ్ళింది గానీ, గుమ్మం దగ్గర ఆగి ఇంకోసారి పెట్టె వైపు చూసింది.

మూడో వారంలో ముసురు పట్టింది. గాలికి అడవిలో చెట్లు తీగల మీద పడ్డాయని, వాగు తగ్గితే తప్ప అటు పోలేమని లైన్‌మన్ చెప్పి వెళ్ళాడు. ఇక మా ఇంటి కాలమంతా జనరేటర్ చుట్టూ తిరిగింది. ఇంటి బోర్డుకు కలిపితే కరెంటు వెనక్కి పోయి స్తంభం మీది మనిషిని కొడుతుందని, అత్త లావు తీగ ఒకటి నేరుగా పెట్టెకే లాగింది. ట్యాంకు ఖాళీ అయ్యే వేళకు ఆపి, ఇంజను చల్లారిందాకా ఆగి, అప్పుడే పెట్రోలు పోసేది. నడుస్తుండగానే పోస్తే పోలేదా అని మామయ్య తొందర. ఆ ఎడంలో పెట్టె చల్లబడకుండా, గాలి రంధ్రాలు వదిలేసి బొంతలు కప్పడం నా పని. ఊళ్ళోవాళ్ళు ఫోన్లు తెచ్చి చార్జింగ్‌కు వరసగా పేర్చారు. పక్కింటామె మిక్సీ జారు పట్టుకుని వచ్చింది, ఒక్క పచ్చడి తిప్పుకుంటానని. ఫోన్లయితే సరే, దాని మీద అంత బరువు వెయ్యనని, పచ్చడి రోట్లో నూరుకొమ్మని అత్త ఆమెను పంపేసింది.

పెట్రోలు కోసం అత్త ఆటోలో అశ్వారావుపేట వెళ్ళిన పూట మామయ్యకు జనరేటర్ మీద జాలి కలిగింది. జల్లు ఏటవాలుగా కొడుతుంటే, పాపం తడుస్తోందని దాన్ని వరండాలోకి లాక్కొచ్చి, జల్లు పడకుండా వాకిలి వైపు పట్టా కట్టాడు. నేను వెనక గదిలో పెట్టె దగ్గర కూర్చుని ఉన్నాను. తల దిమ్ముగా అయింది. నిద్ర చాలక అనుకున్నాను. కాసేపటికి అత్త డబ్బాతో వాకిట్లోకి వచ్చి, శబ్దం ఎటు నుంచి వస్తోందో విని, ఇంజను ఆపింది. నన్ను రెక్క పట్టుకుని వానలోకి తెచ్చి నిలబెట్టింది. తలుపులూ కిటికీలూ అన్నీ తెరిచింది. అప్పుడు మామయ్య వైపు తిరిగింది.

“దాని పొగ మనిషిని పండవెట్టి చంపుతది, తెల్వకుంటనే. గుడ్డు గుడ ఊపిరి పీలుస్తదయ్యా.”

తడుస్తోందని తెచ్చానని మామయ్య గొణిగాడు. అంత పెద్దమనిషి నా ముఖం వంక చూడలేకపోయాడు. కాసేపటికి తనే వెదురు గుంజలు నాలుగు తెచ్చి, ఇంటికి దూరంగా వాకిలి చివర పాతి, పైన పట్టా పరిచి, పట్టా ఎగరకుండా పామాయిల్ మట్టలు కప్పాడు. నాలుగు వైపులా గాలి ఆడే ఆ చిన్న పందిరి కింద జనరేటర్‌ను పెట్టాడు. గొడుగు వేసుకుని దారిన పోతున్న ఒకాయన ఆగి చూశాడు.

“ఏంది అన్నా, పెండ్లా? మాకు చెప్పనే లేదు.”

“అవ్, పెండ్లే. పిల్ల జర గట్టిగ మాట్లాడ్తది, ఏమనుకోకు,” అన్నాడు మామయ్య. అత్త నవ్వు దాచుకోవడానికి లోపలికి వెళ్ళింది.

పిల్లలు రేపు బయటికొస్తాయనగా మధ్యాహ్నం జనరేటర్ ఆగిపోయింది. తాడు గుంజితే లేస్తుంది, నాలుగు మాటలు మాట్లాడి పడుకుంటుంది. ట్యాంకు నిండుగా ఉంది. ప్లగ్ శుభ్రంగా ఉంది. పందిరి చుట్టూ గొడుగులు చేరాయి. పెట్రోల్లో నీళ్ళు కలిశాయని ఒకరు, కార్బురేటర్ పోయిందని ఒకరు. మామయ్య పానా తెచ్చి కార్బురేటర్ విప్పబోయాడు. అత్త సీసాల్లో వేడినీళ్ళు నింపి పెట్టెలో గుడ్ల పక్కన పేర్చి, బొంతలు కప్పింది. కప్పే ముందు ఒక గుడ్డు తీసి నా చెవి దగ్గర పెట్టింది. లోపల గీరుతున్న చప్పుడు, దాని వెనక చిన్న కీచుమనే గొంతు. పెంకు అవతల ఎవరో ఉన్నారు. వాళ్ళకు బయట వాన పడుతోందని తెలియదు, ఇంజను ఆగిందనీ తెలియదు.

ఆ గుడ్డును అత్త చేతికిచ్చి బయటికి వచ్చాను. గొడుగుల వెనక నుంచి చూస్తే పందిరి కింది నేల మెత్తబడి, జనరేటర్ రెండు కాళ్ళు బురదలోకి దిగి ఉన్నాయి. అది ఒక పక్కకు ఒరిగి ఉంది. పుస్తకంలో సమమైన నేల మీద పెట్టాలని బొమ్మ ఉంది. ఆయిల్ తగ్గితే ఇంజను కాలిపోకుండా తనంతట తనే ఆగే ఏర్పాటు ఉందని కూడా ఉంది. ఒరిగితే ఆయిల్ ఒక పక్కకు పోయి, తగ్గినట్టే అవుతుంది కదా. అంతమంది మగవాళ్ళ మధ్య ఈ మాట ఎట్లా అనాలో తెలియక వెనక్కి వెళ్ళి అత్త చెవిలో చెప్పాను. అత్త నన్ను ఒకసారి చూసి, పానా కింద పెట్టమని మామయ్యకు గట్టిగా చెప్పింది. బట్టలు ఉతికే బండను నలుగురూ కలిసి మోసుకొచ్చారు. బండ మీద పళ్ళెం పెట్టి అందులో నీళ్ళు పోసింది అత్త. నీళ్ళు ఏ వైపు చేరితే ఆ వైపు కింద రాళ్ళు దూర్చమంది. నీళ్ళు పళ్ళెం అంచుల వెంట సమంగా నిలిచాక, జనరేటర్‌ను దాని మీదకు ఎక్కించి, తాడు మెల్లగా లాగి, ఆగింది. ఒక్క గుంజు. ఇంజను లేచింది. అందరూ అది మళ్ళీ ఆగుతుందని చూస్తూ నిలబడ్డారు. ఆగలేదు.

మర్నాడు పొద్దున పెంకుల మీద నెర్రెలు కనబడ్డాయి. కళ్ళు పెట్టె అద్దానికి అతుక్కుపోయి, ఎవరింట్లోనో టీవీ మోగేదాకా కరెంటు వచ్చిన సంగతి మాకు తెలియలేదు. పెట్టె తీగను మళ్ళీ ఇంటి కరెంటుకు కలిపి, అత్త బయటికి వెళ్ళి పెట్రోలు కుళాయి కట్టేసింది. ఎప్పటిలాగే పక్కన నిలబడింది. ఇంజను చివరి చుక్కలు తాగి, ఒకసారి తడబడి, ఆగింది. అన్ని రోజుల ఆ మోత ఒక్కసారిగా లేకపోయేసరికి చెవుల్లో ఏదో ఊడిపోయినట్టయింది. ఆకుల మీద నుంచి నీళ్ళు జారుతున్న చప్పుడు. తర్వాత లోపలి గది నుంచి ఒక కీచుమనే పిలుపు, దానికి ఇంకొకటి జవాబు, చూస్తుండగానే గదంతా అదే గోల. మేమెవరమూ లోపలికి పోలేదు. వాకిట్లోనే నిలబడి విన్నాం.

కొన్ని గుడ్లు తెరుచుకోలేదు. ఎక్కువ తెరుచుకున్నాయి. వాగు తగ్గాక అవ్వ వచ్చింది. అత్త ఒక్కో పిల్లకూ కంట్లో టీకా చుక్క వేసి గంపలోకి దించింది. నల్లవి, ఎర్రవి, మెడ మీద ఈకలు లేనివి. అవ్వ ఒక్కోదాన్ని ఎత్తి చూసి, ఫలానా పెట్ట పోలిక అన్నట్టు కోయ భాషలో తనలో తాను ఏదో అనుకుంటూ ఉంది. పోయేముందు పందిరి కిందికి వెళ్ళి జనరేటర్ మీద అరచెయ్యి పెట్టింది. అది చల్లగా ఉండి ఉంటుంది.

“దీన్ల పానం లేదు గద,” అంది అత్తతో, చెయ్యి తీయకుండానే.

అవ్వ జవాబు కోసం ఆగలేదు. గంప ఎత్తించుకుని, పిల్లలకు ఎండ తగలకుండా కొంగు కప్పి, అడవి దారి పట్టింది.

ఇప్పుడు ఆ గూడెంలో పొద్దున్నే కూసే పుంజులు ఆ పిల్లలు కావు, వాటి పిల్లల పిల్లల పిల్లలు. కోడికి తరమంటే ఏడాది కూడా పట్టదు. వాటి లెక్కన ఆ ముసురు ఎప్పుడో తాతముత్తాతల నాటి కథ అయిపోయింది. నా లెక్కన మాత్రం పెంకు అవతలి ఆ గీరుడు చప్పుడు ఇంకా నా చెవి దగ్గరే ఉంది.