వేలితో బిగించిన నట్టు

సెప్టెంబరు పదిహేడు, బుధవారం. విశ్వకర్మ పూజ. ఖరగ్‌పూర్, మలంచా. పొద్దున వాన, మధ్యాహ్నానికి తెరిపి.

ఉన్నవాళ్ళు: నేను. పక్కింటి సామేలు. అతని భార్య రూతమ్మ. సామేలు కారు చూడడానికి మేదినీపూర్ నుంచి వచ్చిన ఒక బెంగాలీ పెద్దమనిషి. ఆయన అసలు సంగతి మొదలవకముందే వెళ్ళిపోయారు.

డైరీలో ఇలా మొదలుపెట్టడం నా చిన్ననాటి అలవాటు. కానీ ఇది డైరీలో రాయడం లేదు. విడి కాగితాల మీద రాస్తున్నాను. డైరీ నాకోసం, ఇది మీకోసం. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోతేనే చెప్పగలను.

పదహారేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. బరువంటే పెద్ద మాటలా ఉంది. చూడబోతే అది బొటనవేలి గోరంత నట్టు. దాన్ని స్పానరుతో బిగించాలి. నేను వేళ్ళతో బిగించి వదిలేశాను. అది మొదటి తప్పు. రెండోది నోటితో చేశాను. మొదటిదాన్ని పొరపాటని సర్దిచెప్పుకోవచ్చు, చాలాసార్లు చెప్పుకున్నాను కూడా. రెండోదానికి ఆ పేరు పెట్టలేను.

రైల్వే వర్క్‌షాపులో నా పని పెట్టెల కింద తిరగడం. మరమ్మతైన పెట్టె మళ్ళీ లైనులోకి పోయే ముందు, బ్రేకు రాడ్లకు పిన్నులన్నీ ఉన్నాయా, వాటి చివరలు వంచారా లేదా అని సుత్తితో తట్టి, టార్చి వేసి చూసేవాణ్ణి. నేను చూశానంటే ఇంకెవరూ చూడక్కర్లేదని అనేవారు. ఆ మాటంటే నాకెంత ఇష్టమో ముందే చెప్పేయాలి. లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

సామేలు రైలు డ్రైవరు. గూడ్సు బండితో మొదలుపెట్టి ఎక్స్‌ప్రెస్ దాకా వచ్చాడు. మా తాతలది శ్రీకాకుళం వైపు, వాళ్ళ తాతలది భీమిలి దగ్గర. రెండు కుటుంబాలూ రైలు పనికే ఈ ఊరొచ్చాయి. ఇద్దరం మలంచాలో పక్కపక్కన ఇళ్ళు కట్టుకున్నాం. నన్ను గురూ అంటాడు. అతను ఒక పాత అంబాసిడరు కొన్నప్పుడు, మెకానిక్ ఎందుకు, నేనున్నాను కదా అన్నాను. అప్పట్నుంచి ఆదివారాలన్నీ దాని కిందే. కార్బొరేటరు కడగడం, కీళ్ళకు గ్రీజు పెట్టడం, ఒక చోట ఆయిలు కారడం ఆపితే ఇంకోచోట మొదలవడం. సామేలు చర్చి నుంచి వచ్చి ఆ ప్యాంటుతోనే కారు కిందికి దూరేవాడు. రూతమ్మ టీ గ్లాసులు తెచ్చి, బయటికి కనిపించే మా నాలుగు కాళ్ళతో మాట్లాడేది.

"అక్కడ మోకాళ్ళ మీద, ఇక్కడ ఎల్లకిలా. రెండూ పార్తనే గావాల!"

ఆ రోజులు మంచివి. వాటిని పాడుచేసింది నేనే.

పదహారేళ్ళ కిందట విశ్వకర్మ పూజకు ముందురోజు సాయంత్రం ఎడమ ముందు చక్రం విప్పాను. స్టీరింగు రాడ్డు చివర కీలు అరిగి టకటకమంటోంది. కొత్తది వేశాను. దాని నట్టుకు పైన కిరీటంలా గాళ్ళుంటాయి. నట్టు గట్టిగా బిగించాక ఆ గాడిలోంచి సన్నటి పిన్ను దూర్చి చివరలు విడదీసి వంచితే, బండి ఎంత అదిరినా నట్టు ఊడదు. నేను తెచ్చిన పిన్ను లావైంది. దూరలేదు. సన్నటిది తర్వాత వేయొచ్చని నట్టును వేళ్ళతో తిరిగినంతవరకూ తిప్పి, స్పానరు కోసం చూస్తే సంచీ లేదు. మా ఆవిడ అప్పటికే పట్టుకుపోయింది.

మా ఇంట్లో పద్ధతి అది. మా నాన్న పెట్టింది. పూజ ముందురోజే పనిముట్లు కడిగి, పీట మీద పేర్చి బొట్టు పెడతాం. బొట్టు పెట్టాక పూజ మర్నాడు పొద్దుటిదాకా ముట్టుకోం. గోడ అవతల నుంచి ఆమె కేక వేసింది, జాకీ, చక్రం స్పానరు కూడా ఇస్తే కడిగేస్తాను అని. జాకీ ఇవ్వాలంటే చక్రం ఎక్కించాలి. ఎక్కించాను. బండి దించాను. బయటికి ఏ లోటూ కనిపించలేదు. పనైపోయిన బండిలాగే ఉంది.

ఒక్క స్పానరు ఇటివ్వు అని అడగొచ్చు. బొట్టు పెట్టేసిందని అడగలేదు. ఇది నిజమేనా? నిజమే, కానీ సగమే. అడిగితే సామేలు వింటాడు. అంతకుముందు ఏడు ఇలాగే ఒకటి అడిగితే, "మీ దేవుడికి ఒక స్పానరు తక్కువైతే కోపమొచ్చేస్తాదేటి గురూ?" అని నవ్వాడు. ఈసారి ఆ నవ్వు వద్దనుకున్నాను. పైగా, మొదలుపెట్టిన పని ఒక పూటలో ముగించలేకపోయానని చెప్పుకోవడం నామోషీ.

అతను చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "అయిపోనాదా గురూ?"

"అయినట్టే," అన్నాను.

రేపు బండి తీయకు అని మాత్రం అనలేదు. అన్నానేమోనని చాలా ఏళ్ళు వెతుక్కున్నాను. మనసులో ఆ సాయంత్రాన్ని మళ్ళీ మళ్ళీ నడిపించి, ఏదో ఒకసారి ఆ మాట నా నోట్లోంచి వస్తుందేమోనని చూశాను. రాలేదు. అనలేదు కాబట్టి.

పూజ రోజున సామేలుకు సెలవు. ఈ ఊళ్ళోనే పూరీ గేట్‌లో ఉండే వాళ్ళక్క చేపల పులుసు వండి భోజనానికి పిలిచింది. అతను, రూతమ్మ కారులో బయల్దేరారు. నేను వర్క్‌షాపులో పూజ చూసి, ప్రసాదం కిచిడీ తింటున్నాను. మీ సామేలు బండి నాలాలో పడింది అని ఎవరో వచ్చి చెప్పారు. ఆకు కింద పెట్టి లేచేసరికే నాకు తెలుసు. ఎందుకు పడిందో, ఏ చక్రమో కూడా తెలుసు.

నేను వెళ్ళేసరికి వాళ్ళిద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బండి ముక్కు నాలాలో ఉంది. ఒంగి చూశాను. రాడ్డు వేలాడుతోంది. నట్టు లేదు. పక్కన నిలబడ్డ ఒకాయన, ఏమైందని, "కీ హోలో దాదా?" అన్నాడు.

"ధక్కా లేగే ఖులే గేఛే," అన్నాను. గుద్దుకున్న దెబ్బకు ఊడిపోయిందని.

మొదట ఆ అబద్ధం బెంగాలీలో చెప్పాను. పరాయి మాటలో అదంత బరువుగా తోచలేదు. ఒకసారి నోరు దాటాక తెలుగులో చెప్పడం సులువైంది.

రూతమ్మ మోకాలు విరిగింది. సామేలుకు నుదుటి మీద కుట్లు పడ్డాయి. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని తన రెండు అరచేతులూ చూసుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు.

"స్టీరింగు తిప్పినాను గురూ. తిరగనేదు."

నిజం చెప్పడానికి నాకు దొరికిన సందు అదొక్కటే. దాన్ని నేనే మూసేశాను.

"బండిలో తేడా ఏటీ లేదు సామేలూ," అన్నాను. "నేను సూసినాను."

అతను నా మొహం చూశాడు. అనుమానంతో కాదు. నమ్మకంతో. ఇంకెవరు చెప్పినా వాదించేవాడే. నేను చూశానన్నాను కదా.

"అయితే నాను తిప్పనేదేటి?" అన్నాడు మెల్లగా. నన్ను కాదు, తన చేతుల్నే అడిగాడు.

జరిగింది జరిగింది, ఒగ్గేయ్ అన్నాను. ఓదార్చినట్టు భుజం మీద చెయ్యి కూడా వేశాను. ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఎందుకలా అన్నాను? భయమా? నా ఉద్యోగానికి వచ్చే ముప్పేమీ లేదు, అది సొంత కారు. సామేలు నన్ను కొట్టడు, పోలీసుల దగ్గరికి పోడు. నిజం చెబితే ఒక వారం బాధపడి, మూడో ఆదివారానికి దాన్నీ వేళాకోళం చేసేవాడు. ఈ మాట రాస్తుంటే ఇంకా సిగ్గేస్తోంది. పోగొట్టుకోవడానికి నాకున్నది ఒక్కటే. నేను చూశానంటే ఇంకెవరూ చూడక్కర్లేదన్న మాట. దాన్ని కాపాడుకోవడానికి అతని చేతుల మీద అతనికున్న నమ్మకాన్ని తీసుకున్నాను.

తర్వాత సంగతి తొందరగా చెప్పేస్తాను. నిదానంగా చెప్పలేను. సామేలు రైలు నడపడం మానేశాడు. తనే వెళ్ళి, తిప్పానో లేదో తెలియని చేతులతో అంతమంది ప్రాణాలు మొయ్యలేనని చెప్పి, షెడ్డులో కూర్చునే పని అడిగి తీసుకున్నాడు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. కారు మళ్ళీ ముట్టుకోలేదు. అమ్మనూ లేదు. నేను దాన్ని పూర్తిగా బాగుచేశాను. పిన్నులన్నీ కొత్తవి వేశాను. వారం వారం వెళ్ళి ఇంజను వేసి, టైర్లకు గాలి కొట్టి, ఆయిలు మార్చి వచ్చాను. గేటు దాటని బండిని అంత శ్రద్ధగా ఎందుకు చూస్తున్నానని ఎవరూ అడగలేదు. స్నేహం అనుకున్నారు. స్నేహమే. అది కాదనను.

రూతమ్మ కుంటుకుంటూ నడిచేది. మనసులో ఏమీ పెట్టుకోలేదు. నవ్వించడం ఆమె స్వభావం. "పట్టాలుంటేనే నడుపుతాడమ్మా మా ఆయన, స్టీరింగిస్తే నాలాలోకే" అనేది. వీధి వీధంతా ఆ మాట పట్టుకుంది. టోటో రిక్షాల వాళ్ళు కూడా అనేవారు. అందరికంటే ముందు నవ్వేది సామేలే. నేనూ నవ్వేవాణ్ణి.

ఇక నిన్నటి బుధవారం.

ఇద్దరికీ వయసు మీద పడింది, ఇక బండి ఎందుకని సామేలు అమ్మకానికి పెట్టాడు. మేదినీపూర్ పెద్దమనిషి వచ్చి చుట్టూ తిరిగి చూశారు. ఇంజను చప్పుడు విని మెచ్చుకున్నారు. ఎప్పుడైనా యాక్సిడెంట్ అయిందా అని అడిగారు. అబద్ధం చెప్పడం సామేలుకు చేతకాదు.

"ఏక్ బార్ హువా, దాదా. గాడీ కా దోష్ నహీ. మేరా హాథ్ కా దోష్," అన్నాడు. తప్పు బండిది కాదు, నా చేతులది అని ఆ రెండు చేతులూ ఆయనకు చూపించాడు.

ఆయన శుక్రవారం వస్తానని చెప్పి వెళ్ళారు. రూతమ్మ మెట్టు మీద కూర్చుని, "పట్టాలు నేవు కదా పాపం, ఏటి సేస్తాడు," అంది. సామేలు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పైన పిల్లలు ఎగరేస్తున్న గాలిపటాలు. గోడ అవతల మా ఇంట్లో పీట మీద బొట్లు పెట్టిన స్పానర్లు. బండి ఒక అబద్ధంతో సహా పరాయి ఊరు పోబోతోంది. శుక్రవారం దాటితే చెప్పడానికి చోటుండదనిపించింది.

"నట్టు నేను బిగించనేదు సామేలూ," అన్నాను.

అర్థం కాక చూశాడు. మొత్తం చెప్పాను. లావైన పిన్ను, కడిగేసిన స్పానర్లు, అయినట్టే అన్న మాట, నాలాలో వేలాడిన రాడ్డు. తడబడ్డాను, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ చెప్పాను. అయినా ఏదీ వదల్లేదు.

ముందు రూతమ్మే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"కాలుకేటి అన్నయ్యా, అతికింది. నాను పదారేళ్ళు ఈయన్ని ఎక్కిరించినాను. మీరు పక్కన కూకుని టీ తాగినారు."

దానికి జవాబు మీ దగ్గరున్నా నాకు చెప్పకండి.

సామేలు తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు, ఆనాడు వరండాలో చూసినట్టే. "అయితే నాను తిప్పినాను," అన్నాడు.

"తిప్పినావు."

"తిరగనేదు."

"తిరగడానికి వీల్లేదు."

"ఆ దినమే సెప్పినాను కదా."

"సెప్పినావు."

ఇంకాసేపటికి, కారు వైపు గడ్డం ఎత్తి అడిగాడు. "ఇప్పుడున్నాయేటి పిన్నులు?"

"ఉన్నాయి. నేను సూసినాను."

అలవాటుగా వచ్చేసింది. వచ్చాక ఇద్దరం విన్నాం. అతను లేచి లోపలికి వెళ్ళిపోయాడు. గురూ అన్న పిలుపు ఒక్కసారి కూడా రాలేదని ఇంటికొచ్చాక గుర్తించాను. మా ఆవిడకు కూడా చెప్పాను. ఆమె పూజగది వైపు చూసి, "ఒక్క కేకేస్తే ఇచ్చేద్దును," అంది. అంతే.

క్షమించమని నేను అడగలేదు. అడిగితే దానికి జవాబు చెప్పే పని కూడా అతని మీదే పడుతుంది. ఇన్నేళ్ళూ మోయించింది చాలు. తేలికపడ్డానా? అవును. ఆ తేలిక నాకు దక్కవలసిందేనా అని ఆలోచిస్తే తెలియడం లేదు. కానీ ఛాతీ మీంచి ఏదో లేచిపోయింది, ఆ మాట దాచడం కూడా అబద్ధమే అవుతుంది.

గురువారం పొద్దున. ఆకాశం తేటగా ఉంది.

పళ్ళు తోముకుంటూ గోడ మీంచి చూశాను. కారు ముందు చక్రాల దగ్గర నేల మీద గోనెపట్టా. దాని మీంచి రెండు కాళ్ళు బయటికున్నాయి. రూతమ్మ ఆనాడు విరిగిన కాలు చాపుకుని పక్కన కూర్చుని టార్చి పట్టుకుంది. సామేలు ఎడమ చక్రం దగ్గర చాలాసేపు ఉన్నాడు. తర్వాత కుడి చక్రం. నేను చూశానన్నవాటిని ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసుకుంటున్నాడు. చూసుకోవాలి. సాయం చేయనా అని అడగడానికి నోరు తెరిచి, మూసుకున్నాను.

లేచి చేతులు దులుపుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. రూతమ్మ గేటు రెండు రెక్కలూ తెరిచింది. లైసెన్సు కాలం చెల్లి చాలా ఏళ్ళయింది, పెద్ద రోడ్డు ఎక్కబోడని నాకు తెలుసు. ఎక్కలేదు. మా వీధి చివరిదాకా వెళ్ళి ఆగాడు. ముందుకీ వెనక్కీ జరిపి, బండిని తిప్పుకుని, మళ్ళీ ఇటు వచ్చాడు. నేను మా గేటు దగ్గర నిలబడి ఉన్నాను. రెండుసార్లూ నా ముందు నుంచే వెళ్ళాడు.

నా వైపు చూడలేదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. వాళ్ళ గేటు దగ్గర ఎడమకు తిప్పాడు. తిరిగింది.