నీళ్లు వాసన చూసే మనిషి

వీధిలో అతన్ని చేపల డాక్టరంటారు. ఆ పిలుపులో సగం వెటకారమే. ఎవరింటికి వెళ్లినా అతను ముందు సంచీ విప్పడు. స్టూలు లాక్కుని, మోకాళ్లు చేపల తొట్టి అద్దానికి ఆనేలా కూర్చుని, నోరు కొంచెం తెరిచి అలా చూస్తూనే ఉంటాడు. ఆ రోజు ఆ ఇంటి తొట్టిలో చేపలు గులకరాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటున్నాయి. మొప్పలు ఎర్రగా కందిపోయాయి. "తెల్లమచ్చల జబ్బనుకుని రెండుసార్లు మందు పోశానండీ," అంది ఇల్లాలు ముంజేయి గోక్కుంటూ. అతను టార్చి వేసి ఒక్కో చేపనీ చూశాడు. మచ్చ ఒక్కటీ లేదు.

"జబ్బు కాదమ్మా, నీళ్లే మండిస్తున్నాయి," అంటూ దోసిట్లోకి తీసి వాసన చూశాడు. "నాడి చూసే డాక్టర్లున్నారు గానీ, ఇదేం వైద్యమయ్యా!" అని భోజనాల బల్ల దగ్గర్నుంచి ఆమె మామగారు నవ్వాడు. అతను నవ్వలేదు. "మేడ మీద ట్యాంకుకి ఏమైనా పని చేయించారా?" "కారుతోందని పోయిన వారం మా ఆయన లోపల రంగు పూయించారు. ఆరకముందే నీళ్లు ఎక్కించేశారు. వాసన అదే పోతుందిలే అనుకున్నాం." అతను వంటింటి కుళాయి విప్పి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అదే వాసన, ఇంకా ఘాటుగా. వెనక్కి తిరిగేసరికి ఆమె ఇంకా గోక్కుంటూనే ఉంది. ముంజేయి మొప్పల్లాగే కందిపోయి ఉంది.

"చేపల సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ మామగారి చేతిలో గ్లాసు తీసుకోండమ్మా," అన్నాడు మెల్లగా. అప్పటికే ముసలాయన గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు ఆమె వైపు చాచాడు.

"ఇంకో గ్లాసు పట్టుకురామ్మా. ఈ వారమంతా గొంతు ఒకటే ఆరిపోతోంది."