ఓబుళమ్మవ్వ గురించి వచ్చిన ఫోన్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. శవాల గది పక్కన కూర్చుని అన్నం తిన్న నర్సుని నేను. అందుకే ఈ సంగతి ఆ ఇంటివాళ్లకు తప్ప చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అనంతపురంలో ఒక చిన్న ఆసుపత్రిలో డయాలసిస్ చేసేదాన్ని. రెండు మిషన్లు, మూలన ఒక ఫోను. శింగనమల వైపు పల్లె నుంచి ఓబుళమ్మవ్వ వారానికి రెండుసార్లు బస్సులో వచ్చేది. షుగరు వల్ల కిడ్నీలు పోయాయి, చూపూ పోయింది. ఒక్కగానొక్క కొడుకు నారాయణ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాడు.

కిడ్నీలు చెడిన మనిషికి రక్తం కారడం మొదలైతే తొందరగా ఆగదు. రక్తాన్ని గడ్డకట్టించే కణాలు సరిపడా ఉన్నా, ఒంట్లో పేరుకున్న మలినాల వల్ల సరిగా పనిచేయవు. పైగా మిషన్లో రక్తం గడ్డకట్టకుండా మేము హెపారిన్ ఇస్తాం. లోపల ఎక్కడైనా రక్తం కారుతుంటే ఆ మందే ప్రాణం మీదికి తెస్తుంది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. అవ్వ మంచం మీద పడుకుని ఉంది. నేను హెపారిన్ సిరంజిలోకి తీస్తుంటే ఫోన్ మోగింది.

“అక్కా, ఓబుళమ్మ కొడుకును మాట్లాడతాండా. రక్తం పల్చన చేసే మందు మాయమ్మకు ఈ పొద్దు ఎయ్యొద్దు. రెండు దినాల నుంచి దొడ్డికి నల్లగా, తారు మాదిరి పోతాండాది.”

అంతే, పెట్టేశాడు. తలుపులోంచి చూశాను. నారాయణ బయట బెంచీ మీద కూర్చుని బొరుగులు తింటున్నాడు.

పిలిచి అడిగితే బిత్తరపోయాడు. “నేను యాడ ఫోన్ చేసినా మేడం? ఈడనే ఉండా గదా. నాకు అన్న లేడు, తమ్ముడు లేడు.”

నలుపు సంగతి అతనికీ తెలియదు. ఇంటి వెనక కంపచెట్ల దాకా తాడు కట్టిపెట్టాడట. తెల్లారకముందే ఆ తాడు పట్టుకుని అవ్వ ఒక్కతే పోయి వస్తుంది. పక్కన ఎవరూ ఉండరు. తనకా, చూపు లేదు.

సిరంజి పక్కన పెట్టి డాక్టరు గారిని పిలిచాను. నవ్వుతారని ఫోన్ సంగతి చెప్పలేదు, నల్లగా పోతోందేమో, లోపల రక్తం కారుతోందేమోనని అనుమానం ఉందన్నాను. ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగానే పోతుంది కాబట్టి ఆయన గ్లవుజు తొడుక్కుని స్వయంగా పరీక్ష చేశారు. రక్తమే. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఎవరో ఇచ్చిన మాత్రలు కడుపులో పుండు చేశాయి.

“హెపారిన్ వద్దు. మిగతాది మనం చూసుకుందాం, భయం లేదు,” అన్నారు డాక్టరు గారు.

నాకూ భయం వేయలేదు. అది మాకు తెలిసిన పని. హెపారిన్ లేదు కాబట్టి గడ్డకట్టకుండా మాటిమాటికీ సెలైన్‌తో గొట్టాలు కడుగుతూ డయాలసిస్ నడిపాం. మలినాలు తగ్గితే ఆ కణాలు మళ్లీ పనిలోకి వస్తాయి. మిషన్ మీద ఉండగానే రక్తం ఎక్కించాం. ఫ్రిజ్‌లో దాచిన డెస్మోప్రెసిన్ అనే, రక్తం ఆగడానికి సాయపడే మందును సెలైన్లో కలిపి నెమ్మదిగా ఇచ్చాం. దాని బలం కొన్ని గంటలే, కానీ ఆ గంటలే కావాలి. ఆలోగా పుండుకు మందు మొదలుపెట్టాం. వారం తిరక్కుండా అవ్వ లేచి కూర్చుని సంగటి అడిగింది.

అప్పుడు ఫోన్ సంగతి చెప్పాను. అవ్వ ఆశ్చర్యపోలేదు.

“ఎవరైతే ఏమమ్మా? వాడు చెప్పినాడు, నువ్వు ఇన్నావు. సరిపాయె.”

నాకు సరిపోలేదు. నారాయణ ఊరంతా విచారించాడు. ఫోన్ చేశామన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎవరో పొరపాటున చేశారనుకుందామంటే పేరు చెప్పి మరీ మాట్లాడాడు. అవ్వ ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. నేను మిషన్ దగ్గర ఇంకా చాలా ఏళ్లు పనిచేశాను, చాలామందికి రక్తం ఆపాను. ప్రతిసారీ ఏం చేశానో, ఎందుకు ఆగిందో చెప్పగలను.

ఆ ఒక్క మధ్యాహ్నం “మాయమ్మ” అన్నది ఎవరో చెప్పలేను.