పామర్రులో ఆగిన బొమ్మరైలు

1978లో నాకు విజయవాడ గవర్నర్‌పేటలో రేడియో రిపేరు షాపు ఉండేది. సోల్డరింగు నాది, సర్క్యూట్లు గీసేది మా చెల్లెలు మార్త. బీఎస్సీ ఫిజిక్సు చదివి, కాలేజీ ల్యాబులో ఉద్యోగం కోసం తిరుగుతూ ఉండేది.

పామర్రులో రైస్‌మిల్లు యజమాని సుబ్బారావుగారు తన మేడ మీద బొమ్మరైళ్లు పెట్టించారు. ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లు వేరువేరుగా నడవాలన్నారు. మామూలుగా పట్టాలకు కరెంటు ఇస్తే రెండూ కలిసే కదులుతాయి. అందుకని మార్త ఒక్కో ఇంజనుకు ఒక నంబరు ఇచ్చింది. మేము తయారుచేసిన కంట్రోల్ బాక్సు ఆ నంబరును పల్సులుగా, అంటే ఆగి ఆగి వెళ్లే కరెంటుగా, పట్టాల్లోంచి పంపుతుంది. ఇంజను వెనక పెట్టెలో దాచిన డీకోడర్ అది తన నంబరైతేనే మోటారు తిప్పుతుంది. మద్రాసు నుంచి తెప్పించిన ఐసీ చిప్‌లు ఎన్ని మాడిపోయాయో, ఆ పిల్ల ఎన్నిసార్లు మళ్లీ మొదటికొచ్చిందో నాకు తెలుసు.

ప్రారంభం రోజున కాలేజీ ప్రిన్సిపాల్‌గారు వస్తున్నారని, మార్త పని ఆయనకు చూపిస్తానని సుబ్బారావుగారే మాటిచ్చారు. తీరా ప్రిన్సిపాల్‌గారు మేడెక్కి రాగానే ఈ పెద్దమనిషి ఏమన్నాడు?

"జర్మనీ నుంచి తెప్పించానండీ. ఇట్టాంటియ్యి మన దగ్గర ఎవరు చేస్తారు?"

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతే మార్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

రైళ్లు బయల్దేరాయి. ముందు రైలు స్టేషను దగ్గరకొచ్చి ఆగిపోయింది. పొద్దున ఇంట్లోవాళ్లు పూజ చేసి, అక్కడి పట్టాలకు కూడా పసుపు రాసి బొట్లు పెట్టారు. ఎండిన పసుపులోంచి కరెంటు వెళ్తుందా? సంగతేమిటో మా ఇద్దరికీ కనబడుతూనే ఉంది.

"అమ్మాయ్, కాస్త చూడు," అన్నారు సుబ్బారావుగారు.

"జర్మనీ వాళ్లకి రాయండి బాబాయిగారూ. వాళ్ల సరుకులో నేను చెయ్యి పెట్టకూడదు," అంది మార్త.

ఆయన దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు. "నువ్వు చేసిందేగా, ఇప్పుడెందుకమ్మా ఈ గొడవ?"

"ఆ మాటేదో ప్రిన్సిపాల్‌గారికి వినబడేట్టు చెప్పండి."

చెప్పారు. చెప్పక ఏం చేస్తారు, ఊరంతా అక్కడే ఉంది. మార్త రుమాలు తడిపి పట్టాలు తుడిచింది. రైలు కదిలింది.

ప్రిన్సిపాల్‌గారు బాక్సు మూత తీయించి చాలాసేపు చూశారు. "ఫారిన్‌ది కాకపోయినా బాగానే ఉందమ్మా. పైవారం వచ్చి కనబడు," అన్నారు.

ఉద్యోగమైతే వచ్చింది. ఆ "కాకపోయినా" మాత్రం నాకు ఈనాటికీ మింగుడుపడలేదు. ఆ తర్వాత మార్త గీసిన ఏ సర్క్యూటునూ మూత మీద మా చెల్లెలి పేరు పెద్దక్షరాలతో రాయించకుండా షాపు దాటనివ్వలేదు. చేసిన మనిషి పేరు లేకపోతే, ఎవడి నోటికొచ్చిన దేశం పేరు వాడు చెబుతాడు.