నూరిస్ కోసం నేను ఎంచిన హెడ్‌ఫోన్లు

మా వీధిలో గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి నూరిస్ ఒక్కతే. చిన్నప్పుడు దాన్ని అందరూ మూగదనుకున్నారు. మూగదేం కాదు, మా గోడ పక్కింట్లో పుట్టింది, అంతే. మా పికో మోగుతుంటే నోరు తెరిచి ఏం లాభం? ఉయ్యాల్లో ఏడుస్తుంటే వాళ్ళమ్మ ఏడుపు విని కాదు, తెరిచిన నోరు చూసి ఎత్తుకునేది.

ఆ పికో మా ఆయన సొంత చేతులతో చేసింది. తలుపంత స్పీకరు పెట్టె. ముందు గుడ్డ మీద జుట్టు విరబోసుకున్న ఆడమనిషి బొమ్మ. పేరు సుడిగాలి రాణి. బర్రాంకియా ఊళ్ళో మా వైపు ఏ పెళ్ళికైనా, ఏ పుట్టినరోజుకైనా అది రావలసిందే. ఆయన పోయాక మా అబ్బాయి ఉబాల్దో నడుపుతున్నాడు. మేము తినే తిండి దాని గొంతులోంచి వచ్చిందే. నాకు చదువు లేదు గానీ, ఏ పెట్టె ఎక్కడ చీదుతుందో వీధి చివర నిలబడి చెప్పగలను.

నూరిస్ పంతొమ్మిదో ఏట సముద్రం దాటి దీవి మీదికి పోయి హోటల్లో దుప్పట్లు మార్చింది. పదకొండేళ్ళు. ఇంగ్లీషు అక్కడే పట్టుబడింది. "హోటల్‌కి వచ్చినవాళ్ళు మంచిగా మాట్లాడి ఉంటే నాకింత తొందరగా వచ్చేది కాదు పెద్దమ్మా. తిడితే జవాబు చెప్పాలిగా" అనేది. తల్లికి మోకాళ్ళు పడిపోతే తిరిగొచ్చి ఆమెను చివరిదాకా చూసుకుని సాగనంపింది. పెళ్ళి చేసుకోలేదు. ఆరేళ్ళ నుంచీ ముందుగదిలో బల్ల వేసుకుని ఫోన్లో పని చేస్తోంది. ఉత్తరాన డాక్టర్ల ఇంగ్లీషు మన మాటలోకి, అక్కడికి చేరిన మన రోగుల మాట వాళ్ళ మాటలోకి మార్చడం. రోగి "నాకు నొప్పి" అంటే తనూ "నాకు నొప్పి" అనాలి. ఒక్క మాట మింగకూడదు, ఒక్క మాట కలపకూడదు. రోజుకి నలభై మంది జబ్బులు దాని నోటి గుండా పోతాయి.

ఏప్రిల్లో కంపెనీవాళ్ళు హెచ్చరిక పంపారు. వెనక చప్పుడు వస్తోందట, ఇంకొక్కసారి వస్తే ఉద్యోగం ఉండదట. నూరిస్ ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది. పికో తగ్గించమని అడగలేదు. అడిగితే నేనేమంటానో దానికి తెలుసు.

"చప్పుడు ఆపే హెడ్‌ఫోన్లు కొనాలి పెద్దమ్మా. పాతవాటికి తీగ తెగింది. నువ్వు తోడొస్తావా? నీకు చెవి ఉంది" అంది.

అంత మాట అన్నాక ఎందుకు రాను?

బజారులో ఎలక్ట్రిక్ సామాన్ల సందులో ప్రతి కొట్టూ ఒక పాట వేసి పోటీ పడుతుంటుంది. బట్టతల కొట్టాయన లేచి, "అమ్మా, ఏ పనికి కావాలి?" అన్నాడు.

"చప్పుడు వినపడకూడదు, అంతే" అన్నాను, నూరిస్ నోరు విప్పేలోపు.

"ఫోన్లో మాట్లాడే పని" అంది అది, చిన్నగా.

ఆయన సన్నటిదొకటి తీశాడు. నోటి ముందుకి ఒక పుల్ల, దాని కొసన మైకు. "అయితే ఇది తీసుకోండి. నోటి మాటే పట్టుకుంటుంది, పక్కది వదిలేస్తుంది."

"ఏంటిది, మిడత కాలా? చెవి కూడా సరిగ్గా మూయదు."

"పెద్దమ్మా, ఆయన చెప్పేది విందాం..."

"నలభై ఏళ్ళు పెట్టెల మధ్య బతికినదాన్ని నేనా, ఈయనా? ఆ లావువి తియ్యవయ్యా."

నల్లటివి, దిండ్లలాంటి మెత్తలున్నవి. నూరిస్ తలకి పెట్టి, వెనక్కెళ్ళి నిలబడి గొంతు చించుకుని దాన్ని గాడిదన్నాను, చెప్పకూడనివి ఇంకో రెండు అన్నాను. సందంతా పగలబడి నవ్వింది. నూరిస్ తిరిగి చూడలేదు. ముందుకెళ్ళి చూద్దును కదా, కళ్ళు మూసుకుని ఉంది. ఆ ముఖం అంత తేలిగ్గా ఉండగా నేనెన్నడూ చూడలేదు.

మెత్తలు తీసి అడిగాను. "విన్నావా నేనేమన్నానో?"

"ఏమన్నావు?"

"ఆశీర్వదించాన్లే."

కొట్టాయన మాత్రం కట్టిస్తూ గొణిగాడు. "అమ్మా, అది పెట్టుకున్నవాళ్ళ సుఖానికి. అవతలివాళ్ళకి కాదు."

"నీ సరుకు నువ్వే వద్దంటే ఇంక కొట్టెందుకయ్యా?" అని లేచొచ్చాను.

మే నెలలో అమ్మల పండగ ఆదివారం వచ్చింది. పొద్దున పదింటికే ఉబాల్దో పికోని వీధిలోకి దించాడు. "ఎంత కావాలంటే అంత పెంచరా, నూరిస్‌కి నేను అమర్చేశాను" అన్నాను. కిటికీ ఊచల్లోంచి చూశాను. బల్ల మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా మాట్లాడుతోంది. నా ఎంపిక అంటే అలా ఉంటుంది మరి అనుకున్నాను.

మా పికో దగ్గర పాట మధ్యలో మైకు పట్టుకుని వీధిలోవాళ్ళని పేరు పేరునా పలకరించాలి. పేరు రాకపోతే మూడు నెలలు ముఖం చూడరు. ఉబాల్దో తల్లులందరి పేర్లూ చదివేశాడు. "నూరిస్‌ని మర్చిపోయావేంరా? కనకపోతే ఏం?" అన్నది నేనే. వాడు మైకు నోట్లో పెట్టుకున్నంత పని చేసి, "మా నూరిస్‌కీ! వీధికంతా అమ్మ! అమ్మలకి జై!" అని అరిచాడు. జనమంతా అందుకున్నారు.

కాసేపటికి నూరిస్ గుమ్మంలోకి వచ్చింది. హెడ్‌ఫోన్లు మెడలో ఉన్నాయి. పెదాలు కదిలాయి. గట్టిగా చెప్పవే అని చెయ్యి చూపించాను. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

పికో ఆగాక వెళ్ళాను. వంటింట్లో ముందు పచ్చి మామిడి ముక్కలు పెట్టుకుని కూర్చుంది. ఉప్పు చల్లి ఉంది, ముట్టలేదు.

"రోగుల మాట బయట చెప్పకూడదు పెద్దమ్మా. ఇది మాత్రం నీకు చెప్పాలి" అంది. "నిండు నెలల మనిషి. బిడ్డ గుండె ఆగిపోయిందని డాక్టరు అన్నాడు. నేను చెప్పాను. ఆవిడ, 'అక్కడ పండగ చేసుకుంటున్నారా? అమ్మలకి జై అంటున్నారు' అంది."

నేను పీట లాక్కుని కూర్చున్నాను.

"అన్నది అన్నట్టు చెప్పాలిగా. డాక్టరుకి చెప్పాను. 'గదిలో ఎవరూ లేరమ్మా, మనమే ఉన్నాం' అన్నాడాయన. అదీ ఆవిడకి చెప్పాను. అప్పటికీ నాకు తట్టలేదు. దుఃఖంలో ఏదో అంటోంది అనుకున్నాను. అప్పుడు, 'ఇక్కడ కాదు, నీ దగ్గర. నీ వెనక' అంది. అప్పుడు హెడ్‌ఫోన్లు తీశాను."

"సరుకే చెడ్డదే. ఆ బట్టతలవాడి..."

"సరుకు మంచిదే" అంది. "లే. ఆ చివర మందుల షాపు దాకా వెళ్ళు, ఇవే పెట్టుకుని ఫోన్ చేస్తాను. ఉబాల్దోని ఒక పాట వెయ్యమను."

వెళ్ళాను. ఫోన్ ఎత్తాను. మా రాణి నా చెవిలోకి దూకింది. వెనక ఉబాల్దో నవ్వు, ఎవరో సీసా పెట్టిన చప్పుడు కూడా. వీటన్నిటి అడుగున ఎక్కడో దారప్పోగులా నూరిస్ గొంతు. "వినపడుతోందా పెద్దమ్మా?" నలభై ఏళ్ళు ఆ పెట్టె ముందు నిలబడి విన్నాను. అవతలి చెవితో వినడం అదే మొదలు.

తిరిగొచ్చాక, "కొట్టాయన చెప్పినప్పుడే నువ్వు నన్ను నోరు ముయ్యమనాల్సింది" అన్నాను.

"నాకూ తెలుసు పెద్దమ్మా, మైకు సంగతి. కానీ అవి పెట్టుకున్నాక ఆ నిశ్శబ్దం... వదలబుద్ధి కాలేదు."

ఆవిడ ఫిర్యాదు చెయ్యలేదు, డాక్టరు చేశాడు. ఆరేళ్ళుగా బాగా పనిచేసిన మనిషి కదా అని కంపెనీవాళ్ళు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. గురువారం మూడింటికి పరీక్షగా ఫోన్ చేస్తారు. వెనక ఏదైనా వినపడితే అంతటితో సరి.

బుధవారం నేనొక్కదాన్నే బజారుకెళ్ళాను. "మిడత కాలు కావాలి" అన్నాను. ఆయన నవ్వలేదు, ఆ మాత్రం మర్యాదస్తుడు. ఈసారి ఆయన్ని సందు చివరికి పంపి ఫోన్ పట్టుకోమన్నాను. ఒక్కొక్కటీ తలకి పెట్టుకుని మాట్లాడాను. మొదటిదాంట్లో పక్క కొట్టు పాట వినపడుతోందన్నాడు. రెండోదాంట్లోనూ వినపడింది. మూడోదాంట్లో నా గొంతు తప్ప ఏమీ లేదన్నాడు. "నీ కొట్టు తగలబడిపోతోందని అరుస్తున్నారయ్యా, అదీ వినపడట్లేదా?" అంటే పరిగెత్తుకొచ్చాడు. మూడోది కట్టించుకున్నాను.

గురువారం ఉబాల్దో, "ఇవాళ ఆపేస్తాలే అక్కా" అన్నాడు.

"వద్దు, మోగించు" అంది నూరిస్. "నువ్వు ఆపితే ఇంకో వీధిలో ఇంకొకడు మోగిస్తాడు. ఇందులో నిలబడితేనే నిలబడినట్టు."

వాడు మోగించాడు. నేను పికో వెనక నిలబడి కరెంటు తీగ పట్టుకున్నాను, దాని ముఖం మారితే లాగేద్దామని. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అరగంట. చివరికి అది మైకు పుల్లని పైకి తిప్పి బయటికొచ్చింది.

"వెనక ఏమీ లేదన్నారు."

ఉబాల్దో ఎగిరి గంతేశాడు. నూరిస్ గుమ్మంలో కూర్చుండిపోయింది. "ఆవిడది ఏ ఊరో కూడా నాకు తెలీదు పెద్దమ్మా. పేరు రాసుకోకూడదు. మళ్ళీ ఫోన్ చెయ్యడానికి లేదు" అంది. నేనూ దాని పక్కన కూర్చున్నాను.

పనిలో కూర్చున్నప్పుడు ఇప్పుడది ఎడమ మెత్తని చెవి వెనక్కి తోసుకుంటుంది. బిగుతుగా ఉందా అనడిగాను. "లేదు. నా వెనక ఏం మోగుతుందో నాకూ వినపడాలి" అంది. ఆ లావువి నాకిచ్చేసింది. పికో మీద పడి ఉన్నాయి.

తర్వాతి ఆదివారం ఉబాల్దో మైకు పట్టుకుని పేర్లు చదువుతూ, దాని పేరు దగ్గర ఆగి నావైపు చూశాడు. వద్దని చెయ్యి ఊపాను. తర్వాతి పేరుకి వెళ్ళిపోయాడు. కిటికీ ఊచల వెనక నూరిస్ ఫోన్లో మాట్లాడుతూనే తలెత్తి నన్ను చూసింది. చూసి, తల ఊపింది.