గుంట మగ్గం చూపించిన సారు

నాకు ఏడో తరగతిలో సైన్సు చెప్పిన సారు మొన్న ఆదివారం పోయారు. దిల్‌సుఖ్‌నగర్‌లో నా చీరల దుకాణంలో ఉండగా ఫోన్ వచ్చింది. "సారు ఇక లేరు" అంటే, నాతో ఎవరో పరాచికాలు ఆడుతున్నారనుకున్నాను. నేను చేసిన కొంటె పనులు అటువంటివి మరి.

పదో తరగతి గట్టెక్కని నేనూ, రిటైరైన ఆయనా అల్మాస్‌గూడలో ఒకే గల్లీ. పక్కనే ఖాళీ ప్లాటు. రోజూ పొద్దున్నే ఆయన అక్కడ గొంతుక్కూర్చుని, నేలలో బొరియలు చేసుకునే సాలీళ్లను చూసేవారు. ఒకసారి ఆయన చెప్పులో రబ్బరు సాలీడు పెట్టాను. తీసి, కళ్లజోడు సవరించుకుని, "ఆరే కాళ్లున్నయేందిర? కడమ రెండు నువ్వు తిన్నవా?" అన్నారు.

ఎడారుల్లో వీటి చుట్టాలున్నాయట. "ఉత్త ఇసుకల గుంత తవ్వితే కూలదా సార్?" అని అడిగాను.

"కూలకుంట లోపల పట్టు నేస్తది. మీ తాత గుంట మగ్గంల కూసున్నట్టే."

మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. కాళ్లు గుంటలో పెట్టుకుని తాత నేస్తుంటే చూసినవాణ్ణి. ఆ పోలిక నన్ను పట్టుకుంది.

అయినా బుద్ధి ఊరుకోదుగా! పోయినేడు, అవి కరిస్తే మనిషి గంటలో ఖతం అని గల్లీలో పుకారు వదిలాను. నవ్వుకుందామనుకుంటే, జనం పురుగుమందు డబ్బాలతో ప్లాటులోకి దిగారు. ఆయన ఏళ్లుగా చూసుకుంటున్న బొరియలు! సారు తిట్టలేదు. "మొదలువెట్టింది నువ్వే. ఆపేది గూడ నువ్వే" అన్నారు.

పోయి ఒక బొరియ పక్కన చతికిలబడ్డాను. "అబద్ధం చెప్పిన. మందు కొట్టాలంటే నామీద కొట్టుండ్రి."

అందరికన్నా ముందున్న ముసలమ్మ మా ఊరి వైపు మనిషే. "నీ నోట్ల మన్నువడ! ఏది నిజమని నమ్మాలెరా?" అంది.

"జర వంగి చూడు పెద్దమ్మా. గుంట మగ్గం. నేసేటోళ్ల మీద మందు కొడ్తవా?"

ఆమె మోకాళ్లు పట్టుకుని వంగింది. బొరియ అంచు చుట్టూ తెల్లటి పట్టు. "మా ముసలాయన గూడ అంచు గిట్లనే నేసేటోడు" అని డబ్బా మూత బిగించింది. మిగిలినవాళ్లూ గొణుక్కుంటూ వెనక్కి తిరిగారు.

"నీ నోటికి గూడ ఒక పని దొరికిందిర" అన్నారు సారు. ఆ మాట ఇంటికెళ్లి మా ఆవిడకు నాలుగుసార్లు చెప్పాను.

ఇవాళ పొద్దున వాన వెలిశాక ప్లాటులోకి వెళ్లాను. పెన్సిలు పట్టేంత కొత్త బొరియలు, పక్కపక్కనే. ఒకదాని అంచున తడిమట్టి పెళ్ల. దాన్ని లోపల్నుంచి ఓ సన్నటి కాలు మెల్లగా బయటికి తోస్తోంది.