ఎడమ కంటి మీద చెయ్యి

పందేలు గెలిచిన రోజుల ఫొటోల్లో ఆ గుర్రం పక్కన యజమాని కప్పు పట్టుకుని నవ్వుతుంటాడు. గుర్రం ఎడమ కంటి మీద ఒక అరచెయ్యి కనిపిస్తుంది. ఆ చెయ్యి తాలూకు మనిషి ఫొటోలో పడలేదు. ఆయన్ని గుర్రపుశాలలో అందరూ బ్రష్షు మామ అంటారు. వెనక జేబులో గుర్రం ఒళ్లు రుద్దే బ్రష్షు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు.

గుర్రం పేరు పిడుగు. పేరుకు తగ్గట్టే పరిగెత్తేది గానీ, ఎడమవైపు నుంచి ఏది కదిలినా హడలిపోయేది. పందెం మొదలుపెట్టే స్టార్టింగ్ గేటులోకి వెళ్లనని మొండికేసేది. ఒకరోజు మామ విసిగిపోయి దాని ఎడమ కన్ను అరచేత్తో మూశాడు. అంతే, పిల్లిలా లోపలికి నడిచింది. అప్పట్నుంచి గేటుకైనా, లాడాలు కొట్టడానికైనా ఆ చెయ్యి ఉండాల్సిందే. ఇంకెవరు మూసినా కరిచేది.

మామ భార్య ఆసుపత్రిలో ఆయా. "నా మొహం సరిగ్గా చూసి ఎన్నాళ్లయింది? ఆ పిడుగుగాడి పళ్లు మాత్రం రోజూ చూస్తావు" అనేది.

"వాడు నోరు తెరిచినా తిట్టడే" అనేవాడు మామ.

పందేలు మానేశాక పిడుగును గుర్రప్పిల్లల కోసం పెంపకశాలలో ఉంచారు. మామ కూడా దానితోపాటే వెళ్లాడు. దాని పిల్లలు పెద్దవై పందేలు గెలిచాయి. ఎక్కడెక్కడి నుంచో ఆడగుర్రాలను లారీల్లో తెచ్చేవారు.

ముసలితనంలో దాని ముందుకాలు ఒకటి విరిగింది. బరువంతా రెండో కాలి మీద పడి, ఆ గిట్ట లోపల కుళ్లిపోయింది. డాక్టరు చెయ్యగలిగిందంతా చేశాడు. చివరికి మామను పక్కకు పిలిచాడు.

"ఇంక బాధ తప్ప ఏమీ మిగల్లేదు మామా. రేపు పొద్దున ఇంజెక్షన్ ఇచ్చేస్తాను. నువ్వు పక్కనుండాలి."

ఆ సాయంత్రం మామ భార్యతో అన్నాడు. "నేను వెళ్లను. నేను లేకపోతే సూది వెయ్యనివ్వదు."

ఆవిడ బట్టలు మడతపెట్టడం ఆపింది. "వెయ్యనివ్వకపోతే బతుకుతుందా?"

మామ మర్నాడు పొద్దున డ్యూటీ టైముకు బ్రష్షు జేబులో పెట్టుకుని వెళ్లాడు గానీ, గుర్రపుశాల గుమ్మం దాటలేదు. లోపల డాక్టరు నెమ్మదిగానే దగ్గరికి వచ్చాడు. పిడుగు బెదిరి, కుళ్లిన గిట్టను నేలకేసి కొట్టింది. నొప్పికి అరిచింది. మళ్లీ కొట్టింది. ఇద్దరు మనుషులు తాడు పట్టుకున్నా ఆగలేదు.

"మామా, రా!" అని కేకేశాడు డాక్టరు.

మామ లోపలికి పరుగెత్తి, ఎడమ కంటి మీద చెయ్యి వేశాడు. గుర్రం ఆగిపోయింది. తల ఆయన భుజానికి ఆనించి, ఎప్పటిలా ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది. డాక్టరు సూది వేశాడు.

"ఇక చెయ్యి తియ్యి మామా. అయిపోయింది" అన్నాడు డాక్టరు కాసేపటికి. మామ నేల మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి అక్కడే ఉంది.

యజమాని గుర్రపుశాల ముందు పిడుగు బొమ్మ పెట్టించాడు. మామ మేనేజరును అడిగి మేత గదికి మారిపోయాడు. బ్రష్షు మానేశాడు గానీ పేరు మారలేదు.

మొన్న పిడుగు కొడుకు ఒకటి ప్రాక్టీసు గేటు దగ్గర మొండికేసింది. మేనేజరు మేత గదికి పరుగున వచ్చాడు.

"అచ్చం తండ్రి పోలికే మామా. ఒక్కసారి వచ్చి ఆ చెయ్యి పెట్టవయ్యా."

మామ తవుడు బస్తా మూతి విప్పుతున్నాడు.

"దానికి ఈ చెయ్యి అలవాటు చెయ్యకండి బాబూ" అని, తలెత్తకుండా తవుడు తొట్టిలో పోశాడు.